తాతయ్య డాక్టరు సంచి: ఎడమ మడత మూడోసారీ చిట్లింది

తాతయ్య పాత తోలు సంచిని కొన్ని నెలలుగా బాగుచేస్తున్నాను. దాని ఎడమ పక్క మడత మూడోసారి కూడా చిట్లింది. ఈసారి పాత పగులు దగ్గర కాదు, నేను వేసిన అతుకు అంచుకు 2 మిల్లీమీటర్ల అవతల. ఆదివారం సాయంత్రం సంచిని తెరుస్తూ మూస్తూ లెక్కపెడుతున్నాను. పదిహేడోసారికి ఎండుటాకు మడిచినట్టు చిన్న చప్పుడు వినిపించింది. టార్చి వేసి చూస్తే సన్నని గీత, దాని కింద బల్ల మీద చిటికెడు ఎర్ర పొడి. పదకొండు రోజుల పని పోయింది. ఆ రాత్రి భోజనం కూడా సయించలేదు.

మిగతా పనులన్నీ చక్కగా సాగాయి. తాళం తిరుగుతోంది, పిడి కుట్టు పూర్తయింది, అడుగున ఉన్న నాలుగు ఇత్తడి గుబ్బలూ మెరుస్తున్నాయి. ఇత్తడికి చింతపండు వాడమని ఇంట్లో అందరూ చెప్పారు కానీ ఆ పులుపు ఒక్క చుక్క తోలు మీద పడినా నష్టమే కాబట్టి పొడి సున్నపు పొడితోనే రుద్దాను. పిడికి రిట్జా టైగర్ అనే పాలియెస్టర్ దారం 0.8 మిల్లీమీటర్లది వాడాను. పాలియెస్టర్ దారం పాత సంచికి తగదని కొందరంటారు. బరువు మోసే చోట నార దారం కంటే నాకు దీని మీదే నమ్మకం. ఇక ఈ విడత అంతా ఎడమ పక్క మడత గురించే.

ఇది అమ్మ వాళ్ల నాన్నగారి సంచి. ఆయన మద్రాసు రాయపురం మెడికల్ స్కూల్లో ఎల్.ఎం.పి. (ఆనాటి వైద్య డిప్లొమా) చదివారు. 1930లలో తెనాలిలో ప్రాక్టీసు పెట్టే ముందు ఈ సంచి అక్కడే కొన్నారని అమ్మమ్మ చెప్పేది. పొడవు 41 సెంటీమీటర్లు, ఎత్తు 24, అడుగున వెడల్పు 19. పైన తోలు తొడిగిన ఇనుప చట్రం రెండు దవడల్లా తెరుచుకుంటుంది. మూసినప్పుడు రెండు పక్కలా తోలు లోపలికి మడత పడుతుంది. ఆ మడత లోపలి వైపు, అరచేయంత మేర, టించర్ అయోడిన్ ఒలికిన గోధుమ రంగు మరక ఉంది. పక్క తోలు మొత్తం తీసేసి కొత్తది వేయమన్న సలహాలు చాలా వచ్చాయి. ఆ మరక పోయాక అది ఎవరి సంచి అయినా కావచ్చు. నేను తీయను.

నవంబరులో మొదలుపెట్టినప్పుడు ఎడమ మడత మీద పగులు 38 మిల్లీమీటర్లు. ఇప్పుడు పాతదీ కొత్తదీ కలిపి 71. పగులు పక్కన తోలు మందం 1.3 మిల్లీమీటర్లు, మడత శిఖరం దగ్గర 0.9. గోరుతో గీస్తే ఎర్ర పొడి వేలికి అంటుతుంది. రాలిన పొడిని కొద్దిపాటి డిస్టిల్డ్ నీళ్లలో కలిపి ఆమ్లత్వం కొలిచే పీహెచ్ కాగితం ముంచితే రంగు 3 దగ్గర ఆగింది. జేబు మూత కింద, గాలి తగలని చోటి నుంచి తీసిన పొడి 4.5 చూపించింది. ఈ అంకె ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువ. అంటే రెడ్ రాట్ (ఆమ్లం వల్ల పాత తోలు ఎర్ర పొడిగా రాలిపోయే జబ్బు) బాగా ముదిరింది. తోలు మీదే నీటి చుక్క వేసి పరీక్ష చేయకండి. ఈ దశలో నీరు తగిలిన చోటల్లా నల్లబడి కొమ్ములా గట్టిపడుతుంది, ఆ నలుపు మళ్లీ పోదు.

తోలు ఇలా కావడానికి కారణం మన చేలగట్ల మీదే ఉంది. ఆ రోజుల్లో మద్రాసు చుట్టుపక్కల తోళ్లను ఎక్కువగా తంగేడు చెక్కతో, అంటే బెరడుతో, పదును చేసేవారు. తోలును పదును చేసే వగరు పదార్థాన్ని టానిన్ అంటారు. తంగేడు చెక్కలోని టానిన్, కరక్కాయలోని టానిన్ ఒకే జాతివి కావు. తంగేడుది గాలిలోని గంధకపు పొగను పీల్చుకుంటుంది, అది తోలు లోపల ఆమ్లంగా మారి పోగులను కొరికేస్తుంది. 1905లోనే లండన్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ సంఘం పుస్తకాల అట్టల తోలును పరీక్షించి ఈ జాతి టానిన్లు త్వరగా పాడవుతాయని తేల్చింది. ఇక గంధకపు పొగ ఎక్కడిదంటే నా ఊహ ఒకటి ఉంది. తాతయ్య ఇల్లు తెనాలి స్టేషనుకు దగ్గర. బొగ్గు ఇంజన్ల పొగ ఏళ్ల తరబడి ఆ వసారాలోకి వచ్చేది. సంచి వేలాడిన కొయ్య కూడా వసారాలోనే ఉండేది.

మొదటి ప్రయత్నంలో తప్పు పూర్తిగా నాదే. రాలుతున్న తోలు పోగులను పట్టి ఉంచే క్లూసెల్ జీ (సెల్యులోజ్ నుంచి చేసే పదార్థం) పొడి తెప్పించాను కానీ తొందరలో ఇంట్లో ఉన్న 70 శాతం స్పిరిట్‌లో కలిపాను. మిగతా 30 శాతం నీరేనన్న సంగతి కుంచె పెట్టాక గుర్తొచ్చింది. మడత మొదట్లో 9 మిల్లీమీటర్ల వెడల్పున ఒక నల్ల పట్టీ ఏర్పడింది, అది ఇప్పటికీ అలాగే ఉంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తప్ప ఇంకేదీ వాడవద్దు.

రెండోసారి 100 మిల్లీలీటర్ల ఆల్కహాల్‌కు 2 గ్రాముల క్లూసెల్ పొడి చల్లి, రాత్రంతా నాననిచ్చి, నాలుగు గంటల ఎడంతో మూడు పూతలు వేశాను. తోలు నుంచి ఎర్ర పొడి రాలడం పూర్తిగా ఆగింది. పోగులను పట్టి ఉంచడంలో క్లూసెల్‌కు సాటి మరొకటి నేను చూడలేదు. నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసేది), బూట్ల పాలిష్ ముందు పూసేవారిని చూస్తే బాధ కలుగుతుంది. తిండిలేని మనిషికి పట్టుబట్ట కట్టినట్టు ఉంటుంది ఆ పని. ఆ మూడు పూతల తర్వాత లోపలి నుంచి 0.8 మిల్లీమీటర్ల మేకతోలు అతికించాను. రెండు రోజులకే అతుకు ఊడింది. పొడి మీద పడిన జిగురు పొడినే పట్టుకుంది, కింది తోలును పట్టుకోలేదు.

మూడోసారికి పాత జిగురంతా పొడిగా గీకేసి, మళ్లీ ఒక పూత వేసి, మేకతోలును 0.5కు తగ్గించాను. అంచులు 6 మిల్లీమీటర్ల మేర వాలుగా చెక్కి, నీరు లేని యాక్రిలిక్ జిగురు పొరను ఆల్కహాల్‌తో మెత్తబరచి అతికించాను. గాజు పలక, పైన 2 కిలోల బరువు, మూడు రోజులు. పట్టు బాగా కుదిరింది. అతుకు ఇప్పటికీ కదల్లేదు. కానీ దాని పక్కనే కొత్త పగులు!

మొదట అతుకు బిరుసునే అనుమానించాను. మెత్తని తోలు మీద గట్టి పట్టీ ఉంటే వంపంతా పట్టీ అంచు దగ్గరే పడుతుంది. అందులో నిజం లేకపోలేదు. అయితే కుడి మడత సంగతి నిద్ర పట్టనివ్వలేదు. అదే తోలు, అదే వయసు, పొడి పీహెచ్ కూడా అంతే. దానికి ఒక్క క్లూసెల్ పూత తప్ప ఏమీ చేయలేదు. అయినా నాలుగు నెలలుగా చెక్కుచెదరలేదు. తోలులోనే లోపం ఉంటే రెండూ చిట్లాలి.

సోమవారం ఆఫీసు నుంచి రాగానే పాత క్యాలెండర్ కాగితం రెండు ముక్కలు కోసి, పక్క తోలు ఆకారంలోనే, చట్రానికి రెండు వైపులా బట్టల క్లిప్పులతో తగిలించాను. సంచిని పదిసార్లు నెమ్మదిగా మూసి తెరిచి కాగితాలు విప్పి చూశాను. కుడి కాగితం మీద ఒకే ఒక నిలువు మడత, గీత గీసినంత తిన్నగా. ఎడమ కాగితం మీద రెండు మడతలు, ఒకదాన్నొకటి కత్తెరలా దాటుతున్నాయి. అవి కలిసే చోటు తోలు మీద కొత్త పగులు మొదలైన చోటికి 3 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. ఒక్కసారిగా గుండె తేలికపడింది. నాలుగు నెలలు తోలుకు వైద్యం చేశాను, జబ్బు చట్రంలో ఉంది.

చట్రం ఎడమ కీలు దగ్గర తోలు కొద్దిగా ఎత్తి చూశాను. కీలును కలిపి ఉంచే లోహపు మేకు, అంటే రివెట్, మందం 3.6 మిల్లీమీటర్లు. అది తిరిగే రంధ్రం అరిగి గుడ్డులా సాగింది, నిలువుగా 3.8, అడ్డంగా 5.1. అందుకే మూసేటప్పుడు ముందు దవడ వెనక దవడకు 5 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతోంది. తోలు మడత పడే బదులు మెలితిరుగుతోంది. తాతయ్యది ఎడమచేతి వాటం. సంచిని ఎప్పుడూ ఎడమ కొస పట్టుకుని లాగి తెరిచేవారని అమ్మ ఫోనులో చెప్పింది. ఇది విన్న తర్వాత ఆ రంధ్రాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

కాబట్టి వచ్చే విడతలో జిగురు ముట్టుకోను. రాణీగంజ్‌లో సరిచేసిన రంధ్రంలో బిగుతుగా పట్టే ఇత్తడి గొట్టం ముక్క, దానిలో పట్టే రివెట్ వెతకాలి. రంధ్రాన్ని 5.2కు గుండ్రంగా ఆకురాయితో సరిచేసి, గొట్టాన్ని ఒరలా దిగ్గొట్టి, అందులో కొత్త రివెట్ వేయాలి. డ్రిల్లు వాడే ధైర్యం లేదు. ఆ అదురుకు పక్కనున్న తోలు రాలిపోతుంది. తర్వాత మళ్లీ కాగితం పరీక్ష. రెండు వైపులా ఒకే మడత వచ్చేదాకా తోలు జోలికి పోను. అప్పుడు అతుకును 0.4 మందంతో, అంచు వాలు 12 మిల్లీమీటర్లతో వేస్తాను. అతుకుకు కరక్కాయతో పదును చేసిన మేకతోలే కావాలి. క్రోమ్ తోలు (క్రోమియం లవణాలతో పదును చేసినది) ఎక్కువ కాలం ఉంటుందన్న మాట నిజమే కానీ పాత తోలు పక్కన అది రబ్బరులా సాగుతుంది.

పాడైన తోలు ముక్కలు జేబు లోపల కుట్టు పక్కన కొన్ని దొరికాయి, ఒక్కోటి 1 సెంటీమీటరు వెడల్పు. వాటిలో మూడింటికి 1 శాతం, మూడింటికి 2, మూడింటికి 3 శాతం క్లూసెల్ పూసి, ఎన్ని మడతలకు చిట్లుతాయో లెక్కపెడతాను. 3 శాతం మరీ బిరుసవుతుందని అనుమానం. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు గట్టు మీది తంగేడు చెక్క కొంచెం తెచ్చి నీడలో ఆరబెట్టాను. ఒక చిన్న మేకతోలు ముక్కను దానితో నేనే పదును చేసి చూడాలని ఉంది. సంచిలోనే దొరికిన స్టెతస్కోపు రబ్బరు గొట్టాలు కర్రల్లా బిగుసుకుపోయాయి, వాటి గురించి తెలిసినవారు ఎవరైనా ఉంటే చెప్పండి. శనివారం రాణీగంజ్ వెళ్తున్నాను.