ఓల్డ్ స్లూత్ నన్ను బోల్తా కొట్టించాడు

అద్దె పుస్తకాల షాపులో డిటెక్టివ్ నవల తెచ్చుకుని, రెండోరోజు అద్దె పడకూడదని తెల్లవార్లూ చదివిన బాపతు నేను. ఉద్యోగం కోసం చికాగో పక్కకి వచ్చాక అమెరికా వాళ్ళ డైమ్ నవలల సంగతి తెలిసి, ఆ పాత పిచ్చి మళ్ళీ పట్టుకుంది.

డైమ్ అంటే పది సెంట్లు. 1860లో బీడిల్ కంపెనీ ఆ ధరకి ఈ చౌక నవలలు అచ్చేయడం మొదలెట్టింది. మొదట్లో అడవులూ, సరిహద్దు పోరాటాలే కథలు. డిటెక్టివులు తర్వాత వచ్చారు: 1872లో ఓల్డ్ స్లూత్, 1886లో నిక్ కార్టర్. నాకు కావలసింది ఓల్డ్ స్లూత్.

ఆన్‌లైన్‌లో ఒకాయన "1890ల నాటిది" అని పెడితే నలభై డాలర్లు పోసి కొన్నాను. లోపల కాపీరైటు దగ్గర పందొమ్మిదో శతాబ్దపు సంవత్సరమే ఉంది. పొంగిపోయాను. అట్ట మీద రంగుల బొమ్మ చూసైనా అనుమానం రావాల్సింది, రాలేదు. నెల తర్వాత తీరిగ్గా చూస్తే అడుగున చిన్నక్షరాల్లో ప్రచురణకర్త ఊరు క్లీవ్‌లాండ్! అసలు 'ఓల్డ్ స్లూత్ లైబ్రరీ' అనే నవలల వరసని 1885లో మొదలుపెట్టిన జార్జ్ మన్రోది న్యూయార్క్. క్లీవ్‌లాండ్‌లో వెస్ట్‌బ్రూక్ కంపెనీ ఆ పాత కథల్నే 1908 నుంచి మళ్ళీ అచ్చేసింది. కాపీరైటు తేదీ కథది, నా చేతిలో ఉన్న కాగితానిది కాదు. అమ్మినాయనకి రాస్తే "తేదీ ఉంది కదా" అన్నాడు. ఆయన తప్పు ఎంతో, నా తొందర ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేదు.

అప్పుడు వెళ్ళాను డికాల్బ్‌కి. అక్కడి నార్తర్న్ ఇల్లినాయ్ యూనివర్సిటీ లైబ్రరీలో జొహాన్సెన్, లెబ్లాంక్ అనే ఇద్దరు సేకరించిన డైమ్ నవలలు వేలల్లో ఉన్నాయి. అసలు ప్రతి ఎలా ఉంటుందో కళ్ళారా చూశాను. పెద్ద సైజు, నలుపు తెలుపు బొమ్మ, పేరు కింద న్యూయార్క్ చిరునామా. అప్పటినుంచి ఏది కొనాలన్నా ముందు చిరునామా, వెనకట్ట ఫొటోలు పంపమంటున్నాను. వెనకట్ట మీద ఆ వరసలోని పుస్తకాల జాబితాలో ఎన్నో నెంబరు దాకా ఉందో చూస్తే, ఎప్పుడు అచ్చయిందో సుమారుగా తెలిసిపోతుంది.

ఏడాది తిరిగాక మన్రో ప్రతి ఒకటి దొరికింది. చెక్క గుజ్జు కాగితం కదా, లోపలి ఆమ్లం దాన్ని తినేస్తుంది. మొదటి పేజీ తిప్పగానే మూల అప్పడంలా విరిగి చేతిలోకొచ్చింది. "ఏంటండీ టేబుల్ నిండా ఈ పొట్టు!" అంది మా ఆవిడ. సెల్లోటేప్ జోలికి మాత్రం పోలేదు, దాని జిగురు ఇంకా పాడుచేస్తుంది. ఆమ్లం లేని అట్టముక్క వెనక పెట్టి, పాలియెస్టర్ కవరులో దూర్చి, చీకటి అలమారులో బల్లపరుపుగా పడుకోబెట్టాను.

చివరి పేజీ లేదు. అచ్చం మా అద్దె షాపు పుస్తకంలాగే.