పెదాలు కదిపితే చాలన్నారు

మన బడి పాత విద్యార్థుల కలయిక సంచికకి ఏదైనా రాయమని కన్వీనర్ గారు (అదే, మన గంట) మూడుసార్లు ఫోన్ చేశాడు. "రాతల మీదే బతుకుతున్నావు కదరా, మాకో పేజీ రాయలేవా?" అన్నాడు. రాయగలను. కానీ ఆరో తరగతి నుంచి తొమ్మిది దాకా నాకేమీ గుర్తులేదు. నీలం గొడుగు కేసులో నేను లేనని మాత్రం మరోసారి మనవి చేసుకుంటున్నాను.

గుర్తున్నదల్లా పదో తరగతి వార్షికోత్సవం. ప్రార్థన జట్టులో నన్ను చివరి వరసలో నిలబెట్టి, "నువ్వు పాడకు నాయనా, పెదాలు కదుపు చాలు" అన్నారు పాటల టీచరు గారు. ఇక మీరు ఊరుకుంటారా? నా పేరు 'మూకీ' అయిపోయింది. తెలుగు మాస్టారు మాత్రం పక్కకి పిలిచి, "పాడకపోతే పోనీ, విను. విన్నది గోడపత్రికకి రాయి" అన్నారు.

ఆ సాయంత్రం వీణ కచేరీ. మీరంతా స్టేజీ వెనకాల ఏం చేస్తున్నారో నాకు తెలుసు, అది వేరే వ్యాసం. నేను ముందు వరసలో నేలమీద కూర్చున్నాను. కీర్తన మధ్యలో సారణి తంతి, అంటే వీణకి మొదటి తంతి, ఠంగుమని తెగింది. వాయిస్తున్నావిడ ఆగలేదు. మిగతాదంతా రెండో తంతి మీద లాగించేశారు.

రెండు పేజీలు రాసుకెళ్ళాను. నిండా 'అద్భుతం', 'అమోఘం', 'శ్రోతలు మంత్రముగ్ధులయ్యారు'. మాస్టారు ఎర్రసిరాతో కొట్టుకుంటూ పోయారు. చివరికి ఒక్క వాక్యం మిగిలింది: "తంతి తెగగానే ఆమె ఎడమచెయ్యి కుండ వైపు జరిగింది."

"ఎన్ని మెట్లు జరిగింది?" అన్నారు. తంతుల కింద అడ్డంగా ఉండే పట్టీలే మెట్లు.

తెలీదన్నాను.

"వెళ్ళి అడుగు."

ఆవిడ అప్పటికే వీణని పెట్టెలో సర్దేశారు. సంగతి విని నవ్వి, మళ్ళీ బయటికి తీశారు. "ఇది పంచమం తంతి బాబూ, 'ప' పలుకుతుంది. తెగిన తంతిని ఊరికే మీటితే పలికే షడ్జం, అంటే 'స', దీని మీద ఐదో మెట్టు దగ్గర దొరుకుతుంది. అందుకని అన్నీ ఐదేసి మెట్లు జరిపి వాయించాలి" అని మీటి చూపించారు. నల్లటి మైనంలో దిగిన 24 మెట్లనీ వేలితో తడుముతూ లెక్కపెట్టాను. గోడపత్రికలో నాలుగు వాక్యాలే వచ్చాయి. వాటిమీద మీరు గీసిన మీసాలు కూడా గుర్తున్నాయి.

తర్వాత కాలేజీ, పెళ్ళి, ఒక పత్రికలో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. కచేరీ సమీక్షలు ఎవరికీ అక్కర్లేక నా బల్ల మీదికి వచ్చాయి. కచేరీ ముగిసేసరికి పేజీ కట్టేసే టైము, అదో టెన్షన్. ఆ హడావిడిలో మొదటి ఏడాదే దేవగాంధారి రాగాన్ని ఆరభి రాగం అని రాసేశాను. రెండిటికీ స్వరాలు అవే, నడకే వేరు. ఆరభి చకచకా సాగిపోతుంది, దేవగాంధారి పొడుగాటి గమకాలతో, అంటే స్వరాన్ని ఊపుతూ, తీరిగ్గా సాగుతుంది. ఆ గాయకుడు ఫోన్ చేశాడు. తిట్టలేదు. దేవగాంధారిలో 'క్షీరసాగర శయన' పల్లవి పాడి, వెంటనే ఆరభిలో 'సాధించెనే' ఎత్తుకున్నాడు. "రెండూ త్యాగరాజస్వామివే. ఇప్పుడు చెప్పండి, నేను పాడింది ఏది?" అన్నాడు. అంతకంటే తిట్టినా బాగుండేది. రెండేళ్ళపాటు ఎవరినో ఒకరిని అడగందే రాగం పేరు రాయలేదు.

ఇప్పుడు రికార్డులకి పరిచయాలు రాస్తున్నాను, పుస్తకాలు రెండు వచ్చాయి. సంపాదన ఎంతో లెక్కల మాస్టారికి చెప్పకండి. ఆ మధ్య సంగీత విద్యార్థులకి సమీక్ష రాయడం నేర్పమని పిలిచారు. ముప్ఫై కాగితాలు దిద్దాను, పెన్నులో ఎర్రసిరా అయిపోయింది. ఒకమ్మాయి మాత్రం మృదంగానికి మధ్యలో ఎన్నిసార్లు శ్రుతి సరిచేశారో లెక్కపెట్టి రాసింది. ఆ కాగితం నా దగ్గరే ఉంచుకున్నాను.

ఒక్క మనవి. ఆహ్వానపత్రిక చూశాను. సంగీతం తెలిసినవాడినని ప్రార్థన గీతానికి నా పేరు వేశారు. గంటా, అది తీయించరా బాబూ.