మా మేడ తోట: మొక్కల కంటే ముందు బరువు లెక్క

మా ఇల్లు విజయవాడ సత్యనారాయణపురంలో. తూర్పు ముఖం, పైన ఒక్క అంతస్తు. మేడ మీద వాటర్ ట్యాంకు, మెట్ల గది, బట్టలారేసే తీగలు పోను మిగిలిందే తోటకి. జనవరిలో మొదలుపెట్టాం, ఇప్పుడు జూలై.

అందరూ ముందు విత్తనాలు కొంటారు. మేము ఇంటి ప్లాను బయటికి తీశాం. మనుషులు తిరిగే మేడకి మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువు లెక్కేసి శ్లాబు వేస్తారు. అడుగు లోతు మడి కట్టి మట్టి నింపి తడిపితే, అదే చోట 500 కిలోల దాకా పడుతుంది. అందుకే ఇటుకల మడులు వద్దనుకున్నాం. కింద గోడలు, బీములు ఎటు వెళ్తున్నాయో చూసుకుని మేడ మీద సుద్దముక్కతో గీతలు గీశాం. పెద్ద గ్రో బ్యాగులన్నీ (మొక్కలు పెంచే సంచులు) ఆ గీతల మీదే. మధ్యలో ఆకుకూరల ట్రేలు, అవీ దూరం దూరంగా. పాత ఇల్లై, శ్లాబు అడుగున పెచ్చులు ఊడుతుంటే మాత్రం ఇంజినీరుకి చూపించకుండా కుండీలు ఎక్కించకండి.

ఊరి నుంచి నల్లమట్టి పంపిస్తానని మామయ్యగారు అన్నారు. వద్దన్నాను. చేలో పత్తికి అది బంగారమే, బ్యాగులో మాత్రం తడిస్తే జిగురు, ఎండితే నెర్రెలు. మా కలగలుపు ఇది: ఒక పాలు ఎర్రమట్టి, రెండు పాళ్లు కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), ఒక పాలు మాగిన పశువుల ఎరువు, బ్యాగుకి గుప్పెడు వేపపిండి. 5 కిలోల కోకోపీట్ దిమ్మ నానితే 70 లీటర్ల దాకా ఉబ్బుతుంది. నీళ్లు మార్చి మార్చి కడిగాకే కలపాలి, లేకపోతే అందులో ఉన్న ఉప్పు మొక్కకి పడదు.

బ్యాగులు ఎక్కించే ముందు తూములు మూసి, మేడ మీద ఒక రోజంతా నీళ్లు నిలబెట్టి చూశాం. కింద ఎక్కడా చెమ్మ రాలేదు. ప్రతి బ్యాగు కిందా ఇటుకలు పెట్టాం, నీళ్లు నిలవకుండా తూము వైపు జారిపోతాయి. చీపురు కూడా ఆడుతుంది.

బ్యాగులకి చుక్కచుక్కగా నీళ్లిచ్చే డ్రిప్ గురించి ఒక మాట. డ్రిప్పర్ల డబ్బా మీద ఒక్కోదానికి గంటకు 4 లీటర్లు అని ఉంటుంది, కానీ అది 10 మీటర్ల ఎత్తు నుంచి నీళ్లొస్తే వచ్చే లెక్క. మా ట్యాంకు అడుగు మేడకి 5 అడుగుల పైన ఉంది. గ్లాసు పెట్టి కొలిస్తే గంటకు లీటరున్నరే. ఆ లెక్కనే టైమర్ సెట్ చేశాం. వేసవిలో పొద్దున, సాయంత్రం రెండు పూటలా వదిలాం. మధ్యాహ్నం వద్దు, ఎండలో పడున్న పైపులోంచి సలసల కాగే నీళ్లొస్తాయి.

పడమర పక్కన జీఐ (జింకు పూత ఇనప) పైపులతో పందిరి వేయించాం. దాని కిందే మా పడకగది, బీర, సొర అల్లుకుంటే సాయంత్రపు ఎండ శ్లాబుకి తగలదు. తీగలు పాకేదాకా సగం ఎండని ఆపే 50 శాతం షేడ్‌నెట్ కట్టాం. రోహిణి కార్తెలో కరివేపాకు, బచ్చలి బతికాయంటే దాని చలవే. అక్టోబరుకల్లా నెట్ విప్పేస్తాం, తుపాను గాలికి అది తెరచాపలా పైపుల్ని లాగేస్తుంది.

మృగశిర రాగానే బెండ, గోంగూర, తోటకూర వేశాం. తోటకూర ఇప్పటికే కూరలోకి వచ్చేసింది. బెండ పూతకొచ్చింది, ఆకుల అడుగున పేనుబంక కనిపిస్తే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొడుతున్నాం. టమాటా ఇప్పుడే వద్దు. ఈ వేడికి పూత రాలిపోతుంది. సెప్టెంబరులో నారు పోస్తాం.

"మల్లె లేని మేడ ఏంటమ్మా" అని అత్తయ్యగారు రోజూ అంటున్నారు. మెట్ల గది గోడ పక్కన, బీము మీద, రెండు పెద్ద బ్యాగులకి చోటు ఉంది. ఈ ఆదివారం నర్సరీకి వెళ్లాలి.