ఉప్పుగాలి తిన్న మేడల్ని ఫొటో తీయడం: నా అనుభవం

సముద్రపు ఒడ్డున పాడుబడ్డ మేడలోకి అడుగు పెట్టేముందు నేను చూసేది పైకప్పు. వెలుతురు సంగతి ఆ తర్వాతే. ఉప్పుగాలిలోని క్లోరైడు ఏళ్ల తరబడి కాంక్రీటులోకి ఇంకి, లోపలి ఇనుప చువ్వలకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి శ్లాబు అడుగున చువ్వ వెంబడే పగులు తీసి, పెచ్చులు ఊడతాయి. గోధుమరంగు మరక, తిన్నని పొడవాటి పగులు, నేల మీద కొత్తగా రాలిన పెచ్చులు: వీటిలో ఏది కనిపించినా దాని కింద ట్రైపాడ్ పెట్టను, గుమ్మం ఇవతలి నుంచే తీస్తాను.

బాల్కనీ మీదికి అసలు వెళ్లను. ఒకవైపే గోడ పట్టుతో నిలిచే శ్లాబుకు బలమిచ్చే చువ్వలు పైభాగంలో ఉంటాయి. వాన నీళ్లు, ఉప్పు చేరేదీ అక్కడే. అందుకే కింద నుంచి చూస్తే గట్టిగానే కనిపించే బాల్కనీ కూడా ఉన్నపళంగా కూలిపోవచ్చు.

యజమాని అనుమతి కాగితం మీద, తేదీతో తీసుకుంటాను. బయట ఒక మనిషి ఉండాల్సిందే. పావురాలు, గబ్బిలాల రెట్ట ఎండి దుమ్ములో కలిస్తే హిస్టోప్లాస్మోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు కాబట్టి ఎన్95 మాస్కు తీయను. రెట్ట గుట్టలుగా ఉన్న గదిని వదిలేస్తాను.

ఏసీ గదిలోంచి కెమెరాను నేరుగా తీరపు గాలిలోకి తెస్తే లెన్సుకు ఆవిరి పడుతుంది. జిప్పు తీయకుండా బ్యాగును అరగంటకు పైగా బయట ఉంచితే ఆ బెడద ఉండదు.

గదిలో చీకటి, కిటికీలో ఎండకు మెరిసే సముద్రం. ఒక్క ఫ్రేములో రెండూ పట్టవు. ఐఎస్‌ఓ 100 (సెన్సరు సున్నితత్వం), ఎఫ్/8 (లెన్సు రంధ్రం కొలత), వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) మార్చకుండా, రా ఫైళ్లలో (కెమెరా మార్పులు చేయని అసలు డేటా), షట్టర్ వేగం మాత్రమే మారుస్తూ రెండేసి స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు లేదా సగం) తేడాతో ఐదు ఫ్రేములు తీస్తాను. అన్నిటికంటే చీకటి ఫ్రేములో హిస్టోగ్రామ్ (వెలుగునీడల పంపకాన్ని చూపే గ్రాఫు) కుడి అంచును, అంటే పూర్తి తెలుపును, తాకకూడదు. తాకితే ఇంకాస్త చీకటిగా మరొకటి తీయాలి. ఈ ఫ్రేముల్ని ఒకే ఫొటోగా కలిపేటప్పుడు కదిలే అలలు, కొమ్మలు దయ్యపు నీడల్లా రెండుగా వస్తాయి. కిటికీ భాగాన్ని ఒకే ఫ్రేము నుంచి తీసుకుంటే సరిపోతుంది. గోడలు వెనక్కి వాలినట్టు పడితే కెమెరా పైకి తిరిగి ఉందని అర్థం. దాన్ని లెవెల్ చేసి, ట్రైపాడ్ ఎత్తు మార్చాలి.

ఫ్లాష్ వద్దు. గాలిలో తేలే దుమ్ము తెల్లటి చుక్కలుగా పడుతుంది, గోడ చదునైపోతుంది. ఉప్పు పొంగి, సున్నం పొరలు పొరలుగా విడిపోయిన గోడ అందమంతా ఎండ పక్కవాటుగా రాసుకుంటూ పోయినప్పుడే కనిపిస్తుంది. అలా పడేది పదిహేను ఇరవై నిమిషాలే. ఆ గోడ ఎదుట ముందే కాచుకుని కూర్చుంటాను. అన్ని గదులూ తిరగడం కంటే అది మేలు.

పని అయ్యాక లెన్సును పొడిగుడ్డతో తుడవకూడదు, ఉప్పు రవ్వలు గీతలు పెడతాయి. ముందు గాలి ఊదే బ్లోయరు, తర్వాత లెన్స్ క్లీనర్‌తో కాస్త తడిపిన మైక్రోఫైబర్ గుడ్డ. ట్రైపాడ్ కాళ్లను పూర్తిగా లాగి, మంచినీళ్లతో కడిగి, బిగింపులు వదులుగా ఉంచి ఆరబెడతాను. కడగకుండా మడిచేస్తే ఆ బిగింపులు పట్టేసి తిరగవు.