బొర్రా నుంచి భీమిలి దాకా, సున్నం వెంట

మా ఇంట్లో బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున ఎప్పుడూ తెల్లటి పొర కట్టి ఉంటుంది. అమ్మ దానికి చింతపండు గుజ్జు పట్టించి, కాసేపు వదిలేసి, పీచుతో తోముతుంది. పోయిన నెల ఇద్దరం బొర్రా గుహలకు వెళ్లాం. పైకప్పు నుంచి వేలాడుతున్న రాతి ఊడల్ని చూసి అమ్మ అన్న మొదటి మాట, "ఇదేట్రా, మన గిన్నెలో పట్టే సున్నంలా ఉంది!" అరకు దాకా వెళ్లి కాఫీ తాగి వచ్చేద్దామని బయల్దేరినవాణ్ణి, ఆ మాటతో ప్లాన్ మార్చేశాను. ఈ సున్నం ఎటు పోతుందో దాని వెంటే పోదాం అనుకున్నాను.

అమ్మ అన్నది అక్షరాలా నిజం. వాన చినుకు గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ని కొంచెం కలుపుకుని వస్తుంది, నేలలోకి ఇంకాక చెట్ల వేళ్లు వదిలే గాలి నుంచి ఇంకా చాలా ఎక్కువ కలుపుకుంటుంది, అలా పలచటి పులుపెక్కిన నీరు సున్నపురాయి పగుళ్లలోకి దిగి దాన్ని కరిగించుకుంటూ పోతుంది. గిన్నెకి చింతపండు చేసే పనే కొండకి వాన చేస్తోందన్నమాట. ఆ నీటిబొట్టు గుహ కప్పు దగ్గరికి చేరేసరికి అందులోని గాలి బయటికి పోతుంది, పులుపు తగ్గుతుంది, ఇక కరిగి ఉండలేని సున్నం అక్కడే రాయిగా పేరుకుంటుంది. మన పొయ్యి మీద ఆ గాలిని తరిమేది మంట, అంతే తేడా.

ఒక ఊడ కొసన బొట్టు నిండుతుంటే చాలాసేపు అక్కడే నిలబడి చూశాను. లైటు వెలుగులో అది మెల్లగా ఉబ్బి, వణికి, జారి, కింద ఉన్న తడి దిమ్మ మీద పడింది. ఇలాంటి ఊడలు మామూలుగా ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు పెరుగుతాయంటారు. అమ్మకి 60 నిండాయి. ఆ లెక్కన ఆవిడ పుట్టినప్పటి నుంచి పెరిగింది 6 మిల్లీమీటర్లు, నా చిటికెన వేలి గోరంత కూడా కాదు. అమ్మకి చెబితే మాట్లాడకుండా ఆ ఊడకి దణ్ణం పెట్టింది.

అసలు ఆ కొండలోని సున్నపురాయి కూడా ఎక్కడిదో కాదు, గుల్లలున్న జీవులు పుట్టకముందు ఏదో సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురదే. భూమి లోపలికి కూరుకుపోయి, వేడికీ ఒత్తిడికీ పాలరాయిగా మారి, మళ్లీ పైకి లేచింది. ఇప్పుడు కరిగి గోస్తనిలో కలుస్తోంది. ఆవు పొదుగు అని పేరున్న ఆ నది బొర్రా మీదుగా కిందికి దిగి, తాటిపూడి జలాశయం నింపి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్లు విశాఖకీ వస్తాయి కాబట్టి బొర్రా కొండ కాల్షియం ఎంతో కొంత విశాఖ పిల్లల ఎముకల్లోనూ ఉండే ఉంటుంది. నాకు ఈ ఆలోచన చాలా నచ్చింది.

రెండో రోజు భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగాం. ఇక్కడ కథ సున్నానిది కాదు, ఇనుముది. గుప్పెడు ఇసుక తీసి అరచేతిలో నీళ్లు పోసి రుద్దితే ఎర్రనీళ్లు కారిపోయి, లోపల మామూలు తెల్ల గింజలు కనబడ్డాయి. అంటే ఎరుపంతా పైపూతే, తుప్పు. ఇసుకలో ఉన్న గార్నెట్ లాంటి ఖనిజాలు వేల ఏళ్లు ఎండకీ వానకీ అరిగి, వాటిలోని ఇనుము ఆక్సిజన్‌తో కలిసి గింజగింజకీ అంటుకుంది. కాల్షియం కరిగి సముద్రం దాకా పోగలదు, ఇనుము మాత్రం గాలి తగిలితే చాలు, తుప్పుగా మారి ఉన్నచోటే ఉండిపోతుంది.

అప్పుడు ముందురోజు రైలు గుర్తొచ్చింది. కిరండూల్ పాసింజర్లో వెళ్తుంటే మధ్యలో మా బండిని ఆపి, ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా గనుల ఇనుప ఖనిజం వ్యాగన్లను ముందు వదిలారు. నేను విసుక్కున్నాను కూడా. ఆ ఖనిజం పుట్టింది సముద్రంలోనే! 200 కోట్ల ఏళ్లకు పైమాట, నీటిలో ఆక్సిజన్ లేని కాలంలో ఇనుము ఉప్పులా కరిగి ఉండేది. ఆక్సిజన్ వచ్చాక తుప్పుగా మారి పొరలు పొరలుగా అడుగుకి చేరింది. అప్పుడు సముద్రం వదిలేసిన ఇనుమే ఇప్పుడు రైలెక్కి విశాఖ పోర్టుకి, మళ్లీ సముద్రం ఒడ్డుకే వస్తోంది.

దిబ్బల దగ్గర ఒక్క మాట చెప్పాలి. గోతుల అంచుల మీదికెక్కి ఫొటోలు దిగేవాళ్ల కాళ్ల కింద మట్టి పెళ్లలు విరిగి పడుతున్నాయి. ఇలాంటి తీరపు ఎర్ర ఇసుక దిబ్బలు దక్షిణాసియాలో ఇంకా తమిళనాడులో, శ్రీలంకలో తప్ప లేవంటారు. దయచేసి కిందనుంచే చూడండి.

సాయంత్రం భీమిలి. గోస్తని సముద్రంలో కలిసేచోట నీళ్లు గోధుమరంగులో ఉన్నాయి, పడవలు ఒడ్డుకి లాగేసి ఉన్నాయి. నది తెచ్చిన కాల్షియం సముద్రంలో సగటున ఓ 10 లక్షల ఏళ్లు తిరుగుతుందట, ఈలోగా ఏదో ఒక జీవి దాన్ని పట్టి గుల్ల కట్టుకుంటుంది. సున్నపురాయి కరిగేటప్పుడు గాల్లోంచి తీసుకున్న కార్బన్‌ని ఆ గుల్ల కట్టేటప్పుడు నీరు తిరిగి వదిలేస్తుంది, అప్పు తీర్చేసినట్టు. అదే సున్నపురాయి కాని, తూర్పు కనుమల్లోని చార్నొకైట్ లాంటి గట్టిరాళ్లు అరిగినప్పుడైతే, వాటి కాల్షియంతో పాటు గాల్లోని కార్బన్ కొంత రాయిగా అడుగున ఉండిపోతుంది, అగ్నిపర్వతాలు మళ్లీ వెనక్కి ఇచ్చేదాకా.

అమ్మ గుల్లలు ఏరుకుంటూ, వాళ్ల అమ్మమ్మ తమలపాకులో గుల్లసున్నమే రాసుకునేదని, అది ఇలాంటి గుల్లల్ని బట్టీలో కాల్చి చేసేవారని చెప్పింది. బండి దగ్గర ముంత మసాలా కొనుక్కున్నాం. బండి అబ్బాయి దగ్గర సగం పిండిన నిమ్మచెక్క అడిగి తీసుకుని, అమ్మ చేతిలోని విరిగిన గుల్ల మీద పిండాను. అంచు వెంబడి సన్నటి బుడగలు లేచాయి. అమ్మ గుల్లని కంటి దగ్గరికి తెచ్చుకుని, బుడగలు ఆగేదాకా అలాగే చూస్తూ కూచుంది.