ప్యాడ్ మ్యూట్ అయిన రోజు

రికార్డింగ్ అయిపోయింది, ఇక ట్రాకులన్నీ (విడివిడిగా రికార్డ్ చేసిన గొంతు, వాయిద్యాలు) కలిపి పాటగా కుదిర్చే మిక్సింగే కదా, రెండు రోజుల్లో తేలిపోతుంది అనుకున్నాను. మూడు వారాలు పట్టింది. మొత్తం 31 ట్రాకులు. ఏది విడిగా విన్నా ముచ్చటగానే ఉంది. అన్నీ కలిపి ప్లే చేస్తే మాత్రం గాయని దుప్పటి ముసుగేసుకుని పాడుతున్నట్టు ఉండేది.

వినపడనిదాన్ని పెంచడం, అదొక్కటే నాకు తెలిసిన వైద్యం. గొంతు పెంచితే గిటార్ మాయం, గిటార్ పెంచితే కీబోర్డు మాయం. చివరికి మొత్తం సౌండ్ ఎంతుందో చూపించే మాస్టర్ మీటర్ హద్దు దాటి ఎర్రబడింది, పాట మాత్రం బాగుపడలేదు. తర్వాత ఒక్కో ట్రాక్‌నీ సోలోలో, అంటే అదొక్కటే మోగేలా పెట్టి, ఈక్యూ (శబ్దంలో కింది, మధ్య, పై ఫ్రీక్వెన్సీల పాళ్లు మార్చడం) మొదలుపెట్టాను. గిటార్ నిండుగా ఉండాలని 200 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ పెంచాను. కీబోర్డుకీ అంతే, గొంతుకీ అంతే. ముగ్గురినీ ఒకే కుర్చీలో కూర్చోబెట్టి, ఇరుకెందుకయిందా అని తల పట్టుకున్నానన్నమాట.

దారి దొరికింది కూడా పొరపాటునే. ఎక్కడో చిన్న టిక్ టిక్ చప్పుడు వస్తుంటే, అదెక్కడుందో వెతుకుతూ ట్రాకులు మ్యూట్ చేసుకుంటూ పోయాను. ప్యాడ్‌ని, అంటే వెనకాల పరుచుకుని సాగే కీబోర్డు శబ్దాన్ని, తిరిగి ఆన్ చేయడం మర్చిపోయాను. పల్లవి రెండో లైన్‌లో గిటార్ తీగ మీద వేలు జారిన చప్పుడు వినిపించింది. అది రికార్డ్ చేసిన నాకే అప్పటిదాకా వినపడలేదు! గిటార్ సౌండ్ పెంచే ఫేడర్‌ని ముట్టుకోనేలేదు. ఒకే ఫ్రీక్వెన్సీ ప్రాంతంలో రెండు శబ్దాలు మోగితే పెద్దది చిన్నదాన్ని కప్పేస్తుంది, దీన్నే మాస్కింగ్ అంటారు. ఆ మాట చదివాను గానీ చెవికి పట్టింది ఆరోజే.

ఇక తీసేయడం మొదలైంది. ఒకే స్ట్రమ్మింగ్‌ని రెండు గిటార్లతో వాయించాను, ఒకటి పోయింది. ఒకరోజంతా కూర్చుని వాయించింది కాబట్టి కాస్త ప్రాణం ఉసూరుమంది.

మిగిలినవాటికి హై పాస్ ఫిల్టర్ (ఒక హద్దుకి కింది ఫ్రీక్వెన్సీలను కోసేసేది) పెట్టాను. మామూలు ట్యూనింగ్‌లో గిటార్ లావు తీగ దాదాపు 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. దానికి దిగువన నా రికార్డింగ్‌లో ఉన్నది కాళ్ల చప్పుడు, మైక్ స్టాండ్ అదురు. ఉత్సాహం ఎక్కువై అన్నింటినీ 200 దాకా కోసేస్తే పాట పీలగా, రేకు డబ్బాలో మోగినట్టు తయారైంది. అప్పటినుంచి పాటంతా మోగుతుండగానే ఫిల్టర్ పైకి జరుపుతాను, ఒళ్లు తగ్గినట్టు అనిపించగానే కాస్త వెనక్కి తెస్తాను. కీబోర్డుకి 300 హెర్ట్జ్ చుట్టూ 3 డెసిబెల్స్ తగ్గించాను. సోలోలో వింటే ఇప్పుడది డొల్లగా ఉంటుంది. ఉండనీ, సోలోలో ఎవరు వింటారు?

రివర్బ్ దగ్గర ఇంకో గొడవ. ఒక్కో ట్రాక్‌కి ఒక్కో రివర్బ్ (గదిలో మారుమోగినట్టు వినిపించే ఎఫెక్ట్) వేశాను. అవన్నీ తీసి ఒకే రివర్బ్‌కి పంపి, ఆ రివర్బ్‌లో 500 హెర్ట్జ్ కిందిదంతా కోసేశాను. రివర్బ్ కాస్త ఆలస్యంగా మొదలయ్యేలా 40 మిల్లీసెకన్ల ప్రీ డిలే ఇచ్చాక ముందు మాట, ఆ వెనకే దాని మారుమోత వస్తోంది. 'క', 'ట' లాంటి అక్షరాలు విడివిడిగా పలికాయి.

ఇంత చేసినా సౌండ్ ఎక్కువ పెట్టుకుని వింటే మోసపోతాం. సౌండ్ తగ్గించినకొద్దీ కింది, పై ఫ్రీక్వెన్సీలు చెవికి తక్కువగా వినిపిస్తాయని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే చూపించారు. నేను చాలా తక్కువ సౌండ్‌లో, అదీ మోనోలో (ఎడమ, కుడి కలిపేసి ఒకటిగా) విన్నాను. ఎడమా కుడీ దూరం పెట్టి తెలివిగా దాచిన గొడవలన్నీ మధ్యకొచ్చి కూర్చున్నాయి. కీబోర్డుని మరో డెసిబెల్ తగ్గించాల్సి వచ్చింది.

ఆఖరి మిక్స్‌లో 22 ట్రాకులే ఉన్నాయి. ప్యాడ్‌ని పూర్తిగా వదులుకోలేక రెండో చరణం అయ్యాక నాలుగు బార్ల పాటు ఉంచాను. అక్కడ గొంతు లేదు.