వేరుశనగ వేళ్లలో గులాబీ రంగు

ఆగస్టు 22, శుక్రవారం

చేలోంచి వేరుశనగ మొక్క ఒకటి తెమ్మని నిన్న ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పాను. పీకకండి, మట్టితో సహా తవ్వి తీయండి అని రెండుసార్లు చెప్పి పంపాను. పీకితే, మేలుచేసే బాక్టీరియా ఉండే వేరు బుడిపెలు మట్టిలోనే తెగి ఉండిపోతాయి. పొద్దున ప్రార్థన అయ్యేసరికి నా బల్ల మీద పదకొండు మొక్కలున్నాయి.

సూక్ష్మజీవుల పాఠం మొదలుపెట్టిన రోజు, బాక్టీరియా అంటే ఏమి గుర్తుకు వస్తుందని అడిగాను. జ్వరం, విరేచనాలు, కరోనా అన్నారు. కరోనా వైరస్ వల్ల వస్తుందని సరిదిద్దాను కానీ, పెరుగు అని ఒక్కరూ అనకపోవడం మనసులో ఉండిపోయింది. రోజూ రాత్రి అమ్మ పాలు తోడుపెట్టడం చూసే పిల్లలే అందరూ.

రెండో బెంచీ అమ్మాయి తన మొక్క వేళ్లను తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. "ఈ బుడిపెలు వేరుకు పట్టిన తెగులని మా అమ్మ అంటుంది టీచర్" అంది. ఆ తల్లి అనుమానం ఊరికే పుట్టింది కాదు. నులిపురుగులు పట్టినా వేళ్లు ఇలాగే ఉబ్బుతాయి. అయితే అప్పుడు వేరు తానే ఉబ్బుతుంది. గోటితో గిల్లినా ఊడదు. మంచి బుడిపె వేరుకు పక్కన అంటుకుని ఉంటుంది. గిల్లి చూడమన్నాను. టక్కున ఊడి వచ్చింది. బ్లేడుతో రెండుగా కోసి అరచేతిలో పెట్టాను. లోపల లేత గులాబీ రంగు.

"రక్తమా టీచర్?"

ఎంత మంచి ప్రశ్న! అది లెగ్‌హిమోగ్లోబిన్, మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టం. గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చేది బుడిపెలో ఉండే రైజోబియం బాక్టీరియా. ఆ పని చేసే ఎంజైమును ఆక్సిజన్ పాడుచేస్తుంది. అందుకే ఈ గులాబీ పదార్థం ఆక్సిజన్‌ను పట్టి ఉంచి, బాక్టీరియా ఊపిరికి కావలసినంతే అందిస్తుంది. లోపల గులాబీ రంగు ఉంటే బుడిపె పని చేస్తున్నట్టే.

మట్టిలో ఇంకా ఏముంటాయని ఒకబ్బాయి అడిగాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో పరిశోధనలు నడిపించిన సంస్థలోనే, మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే మందు తీశారని, 1948లో అది లోకానికి తెలిసిందని చెప్పాను.

తర్వాత బుడిపెను నలిపి, మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు చుక్క వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. పిల్లలు ముప్పై ఎనిమిది మంది, మైక్రోస్కోపు ఒకటి. మొదట చూసినవాళ్లంతా గాలి బుడగలనే చూసి "కనిపించింది!" అని అరిచారు. నల్లటి అంచుతో గుండ్రంగా ఉన్నది బుడగ, నీలంగా నలుసుల్లా ఉన్నవి బాక్టీరియా అని బోర్డు మీద బొమ్మ వేశాక నిదానించి వెతికారు. ఆటల పీరియడ్ కూడా అడిగి తీసుకున్నాను. అయినా పన్నెండు మంది మిగిలారు.

నేను చదివిన బడిలో మైక్రోస్కోపు పగులుతుందన్న భయంతో బీరువాలోనే ఉండేది. పదో తరగతి దాటేదాకా అందులోంచి ఒక్కసారి కూడా చూడలేదు. పగిలితే బాగుచేయించుకోవచ్చు. ఈ పిల్లలకు ఎనిమిదో తరగతి మళ్లీ రాదు.

బడి వదిలాక ఆ అమ్మాయి కోసిన ముక్క ఇంటికి తీసుకెళ్తానంది. అప్పటికే అది గోధుమరంగుకు తిరిగింది. కోయని బుడిపెలు నాలుగు వేరుతో సహా ఇచ్చి, అమ్మ ముందే కోయమన్నాను. మళ్లీ తడిగుడ్డలో చుట్టుకుని వెళ్లింది.

రేపు రెండో పీరియడ్‌లో ఆ పన్నెండు మంది.